పడినవాళ్ల ఫైళ్లు చదివే నేను పడ్డప్పుడు

ఎడమ చెవికి పైన, నాలుగు వేళ్ల వెడల్పున, నాకు జుట్టు సరిగా రాదు. దువ్వెన అక్కడికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఏడాదిన్నర అయింది. ఇప్పుడు మాట తడబడటం లేదు. కుడిచేత్తో గిన్నెడు చారు ఒలకకుండా వంటింట్లోంచి బల్లదాకా తేగలుగుతున్నాను. ఈ రెండూ ఎంత పెద్ద విషయాలో పోయి తిరిగొచ్చాక గానీ తెలియలేదు. ఆ రోజుల గురించి రాయమని మా ఆయన విజయ్ చాలాసార్లు అన్నాడు. కూర్చుంటే తల బరువెక్కేది, మానేసేదాన్ని. ఈమధ్య కాస్త ధైర్యం వచ్చింది. నాలాగే ఆస్పత్రి మంచం మీదున్నవాళ్లెవరైనా చదివితే మేలనిపించి రాస్తున్నాను.

నా పేరు శాంతకుమారి. మాది భీమవరం దగ్గర పల్లె. కాకినాడలో నర్సుగా ఆరేళ్లు, ఆ తర్వాత ఖతార్‌లో పదకొండేళ్లు చేశాను. విజయ్ ఇక్కడే ఒక కట్టడాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. మా అమ్మాయి సునీతకి అప్పుడు పదకొండేళ్లు. దోహాలో ముషైరిబ్ వీధిలో, కింద దర్జీ కొట్లున్న పాత బిల్డింగులో, రెండో అంతస్తులో మా ఇల్లు.

వార్డు డ్యూటీలు చేసీ చేసీ నడుం పట్టేశాక, పడిపోవడానికి మూడేళ్ల ముందు నన్ను ఆస్పత్రి ఆఫీసులోకి మార్చారు. రోగి ఎవరైనా ఆస్పత్రిలో పడితే, ముఖ్యంగా తలకి దెబ్బ తగిలితే, ఆ ఫైలు నా బల్ల మీదకి వచ్చేది. కుటుంబం ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకి వెళ్లవచ్చు. అలాంటప్పుడు ఆస్పత్రి వకీలుకి ఛార్టులు చదవడం రాదు, డాక్టర్లకి వకీలు అడిగేది అర్థం కాదు. మధ్యలో నేను కూర్చుని ఆ కాగితాలన్నీ చదివి, ఏ సమయానికి ఏం జరిగిందో వరసగా రెండు పేజీల్లో రాసివ్వాలి. ఆఖరిసారి రోగిని చూసింది ఎవరు? ఏ మందు ఇచ్చారు? మంచం కమ్మీలు ఎత్తి ఉన్నాయా? బెల్ చేతికి అందుతోందా? పడ్డాక ఎంతసేపటికి డాక్టరొచ్చాడు? ఇవీ నా ప్రశ్నలు.

ఆ పనిలో నాకు మంచి పేరుండేది. రాత సూటిగా ఉంటుందని మేట్రన్ మెచ్చుకునేది. నేను తరచుగా రాసిన వాక్యం ఒకటుంది: "నర్సు సూచన ఇచ్చినప్పటికీ రోగి బెల్ నొక్కకుండా తనంతట తాను లేచారు." ఆ వాక్యం పడిందంటే ఫైలు దాదాపు మూసేసినట్టే. ఎందుకు నొక్కలేదని ఏ రోగినీ నేను వెళ్లి అడగలేదు. కాగితంలో లేనిది నాకు పనికిరాదనుకునేదాన్ని.

ఫిబ్రవరి

పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. ఆపరేషన్ చిన్నదే. నేను పనిచేసే ఆస్పత్రిలోనే, ఆడవాళ్ల సర్జరీ వార్డులో చేరాను. తెలిసిన మొహాలే కాబట్టి దర్జాగానే ఉంది. మధ్యాహ్నం డ్యూటీలో గ్రేస్ అనే అమ్మాయి ఉండేది. తునివైపు పిల్ల, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. రెండేళ్ల బాబుని తల్లి దగ్గర వదిలి వచ్చింది. నేనంటే ఆ వార్డులో అందరికీ కొంచెం బెదురు. ఎవరి తప్పు ఎక్కడుందో కాగితం మీద పట్టేసే మనిషిని కదా.

ఆపరేషనైన రెండోరోజు మధ్యాహ్నం నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి, గ్రేస్ బెల్ వైరుని నా దిండుకి పిన్నుతో బిగించింది.

"మేడమ్, లేవాలంటే దీన్ని నొక్కండి. ఒక్కరూ లేవద్దు. తల తిరుగుతుంది" అంది.

"నాకు చెప్తున్నావా అమ్మా?" అన్నాను నవ్వుతూ.

"మీకైనా చెప్పాలి కదా మేడమ్" అంది తనూ నవ్వి.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా వారాలపాటు గుర్తులేదు. తెలిసింది ఇతరుల మాటల్లోంచి. మూడు దాటాక నేను మంచం దిగాను. కమ్మీ ఎత్తి ఉంది కాబట్టి కాళ్లవైపు నుంచి జరిగి దిగాను. నాలుగడుగులు వేశానేమో, కళ్లు తిరిగి పడ్డాను. వాష్‌బేసిన్ అంచు తలకి తగిలింది. గ్రేస్ పరుగెత్తుకొచ్చింది. కంగారుపడి నన్ను లేపెయ్యలేదు. మెడ కదలకుండా పట్టుకుని, పేరు అడిగి, చేతులూ కాళ్లూ కదిలించమని, అప్పుడు సాయం పిలిచి మంచమెక్కించింది. డ్యూటీ డాక్టరు వచ్చి చూశాడు. బొప్పి కట్టింది. నేను శుభ్రంగా మాట్లాడుతున్నాను. పర్వాలేదు, పడుకోనివ్వమన్నాడు.

నాలుగింటికి విజయ్, సునీత వచ్చారు. విజయ్ గాభరాపడితే నేనే సర్దిచెప్పానట. గ్రేస్ మాత్రం అరగంటకోసారి వచ్చి, నన్ను తట్టి లేపి, కళ్లలో టార్చి వేసి, చెయ్యి నొక్కించి, ఛార్టులో రాసుకునేది. మూడోసారికి నేను విసుక్కున్నాను. "డాక్టరు పడుకోనివ్వమన్నాడుగా, నీకేమిటమ్మా బాధ?" అన్నానట.

ఆరున్నరకి సునీత నా పక్కన కూర్చుని బడి కబుర్లు చెబుతోంది. నేను దాన్ని "రత్నా" అని పిలిచాను. రత్న మా చెల్లెలు. సునీత కిలకిలా నవ్వింది. విజయ్ నవ్వాడు. పక్కమంచం ఆవిడ కూడా ఊరికే నవ్వింది. గ్రేస్ నవ్వలేదు. మళ్లీ టార్చి వేసి చూసింది. ఎడమ కంటిపాప కాస్త పెద్దదిగా కనిపించింది. కుడిచెయ్యి నొక్కమంటే నెమ్మదిగా నొక్కాను.

డాక్టరుకి ఫోను చేసింది. ఇంజక్షన్ మగత, కంగారుపడకు అన్నాడు. పావుగంటకి మళ్లీ చేసింది. వేరే వార్డులో ఉన్నాను, వస్తానన్నాడు. ఆ లోపల నేను వాంతి చేసుకున్నాను. మూడోసారి గ్రేస్ అతన్ని దాటి నేరుగా పెద్ద సర్జన్ ఇంటికి ఫోను చేసింది. ఆయన వెంటనే స్కానింగుకి పంపమన్నాడు. ఎనిమిదయ్యేలోపు నన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లారు. పుర్రెలోపల నెత్తురు గడ్డకట్టి మెదడుని నొక్కుతోందన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆయన విజయ్‌కి చెప్పాడు. విజయ్ నాకు మూడు నెలల తర్వాత చెప్పాడు.

మార్చి

నాకు తెలివొచ్చిన మొదటి రోజుల్లో భయం కూడా సరిగా వెయ్యలేదు. ఏమీ పూర్తిగా అర్థమయ్యేది కాదు. తెల్లటి కప్పు, ఎవరో నుదురు తుడవడం, చేపల మార్కెట్టులోలా ఒకేసారి వినిపించే గొంతులు. తర్వాత భయం వచ్చింది. మాటలు పోయాయి. అన్నీ పోతే ఒక తీరు. ఒక మాట అందామనుకుంటే ఇంకోటి వచ్చేది. నీళ్లు కావాలని "తాళం" అన్నాను. నర్సుకి తెలుగు రాదు, వచ్చినా లాభం లేదు. నేను "తాళం, తాళం" అని ఏడుస్తుంటే ఆమె నా చెవి దగ్గర వంగి ఏదో పాడింది. తన భాషలో జోలపాట కాబోలు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆ గొంతు తెలుసు.

విజయ్ సంగతి తర్వాత విన్నాను. నాకు తెలివొచ్చేదాకా, పదకొండు రోజులు, ఐసీయూ బయట వరండాలోనే గడిపాడు. గోడవార ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. బంధువుల కోసం ఎదురుచూసే పాకిస్తానీలు, సూడాన్ వాళ్లు, మలయాళీలు. ఎవరికెవరూ తెలియదు. తలుపు తెరిస్తే మాత్రం అందరూ ఒకేసారి లేచి నిలబడేవారట. ఒకరోజు కాళ్లదాకా తెల్లటి తోబ్ వేసుకున్న ఖతారీ పెద్దాయన ఫ్లాస్కుతో గహ్వా కాఫీ, ఖర్జూరాలు తెచ్చి వరసగా అందరికీ ఇచ్చాడట. తన కొడుకు లోపల ఉన్నాడు. విజయ్ దగ్గర ఆగి, "మీ ఇంటావిడా? దేవుడు చూస్తాడు" అని వచ్చీరాని ఉర్దూలో అన్నాడట. విజయ్ అప్పుడు మొదటిసారి ఏడ్చాడు.

మా పొరుగున నర్సయ్య అని కరీంనగర్ వైపు మనిషి, డ్రైవరు. ఆయన భార్య లక్ష్మి. నేను ఇంటికొచ్చేదాకా సునీత వాళ్లింట్లోనే తిని, వాళ్లింట్లోనే పడుకుంది. నర్సయ్య డ్యూటీ దిగగానే అన్నం క్యారియరు పట్టుకుని వరండాకి వచ్చేవాడు.

"అన్నా, పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

"ఆకలిగా లేదు నర్సయ్యా."

"ఆకలి లేకపోతె గూడ తినాలె. రేపు వదినె లేసి నిన్ను జూసి, గిట్ల బక్కగైండేంది అని నన్ను తిడ్తది. జర నాకోసం తిను."

రేపు వదిన లేస్తుంది అని అంత మామూలుగా అన్నది ఆయనొక్కడే అని విజయ్ ఇప్పటికీ చెబుతాడు.

విజయ్ నెమ్మదైన మనిషి. కానీ అయిదో రోజున గ్రేస్ నన్ను చూడటానికి ఐసీయూ దగ్గరికి వచ్చినప్పుడు వరండాలో అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు చూసుకుని ఉంటే పడేదా? ఏం చేస్తున్నావు అప్పుడు? ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" ఆమె తల దించుకుని వెళ్లిపోయిందట. మర్నాడే ఆయన ఆస్పత్రికి ఫిర్యాదు రాసిచ్చాడు.

నెలాఖరుకి వార్డుకి మార్చారు. సునీత రోజూ సాయంత్రం తన నోటుబుక్కు తెచ్చేది. చెంచా బొమ్మ, గొడుగు బొమ్మ, పిల్లి బొమ్మ గీసి అడిగేది. చెంచాని "దువ్వెన" అంటే, "కాదమ్మా, చెం..." అని మొదటి అక్షరం అందించేది. నేను దానికి మాటలు నేర్పినప్పుడు అంత ఓపిక పట్టలేదు. గొడుగు అని మొదటిసారి తప్పులేకుండా అన్నరోజున అది వార్డంతా వినిపించేలా చప్పట్లు కొట్టింది. పక్కమంచం మీది ముసలి అరబ్బావిడకి సంగతి అర్థం కాకపోయినా తనూ కొట్టింది.

ఏప్రిల్

ఇంటికొచ్చాను. గుండు మీద స్కార్ఫు, చేతికింద కర్ర. నన్ను రెండంతస్తులు ఎక్కించడానికి విజయ్, నర్సయ్య కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. కింద దర్జీలు మిషన్లు ఆపి బయటికొచ్చి నిలబడ్డారు. లోపలికెళ్లగానే లక్ష్మి చేపల పులుసు పెట్టింది. నాకు వాసన తెలియలేదు. దెబ్బతో వాసన పోయింది. చెబితే బాధపడుతుందని "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. ఆ రెండు మాటలూ తడబడకుండా వచ్చినందుకు ఆమె, పులుసుని మెచ్చుకున్నందుకంటే ఎక్కువ సంతోషించింది.

ఇల్లు మాత్రం తేలిగ్గా లేదు. విజయ్ నన్ను ఒక్క అడుగు ఒంటరిగా వెయ్యనిచ్చేవాడు కాదు. బాత్‌రూం తలుపు గడియ పీకేశాడు. నేను మాట కోసం వెతుక్కుంటుంటే తనే అందించేవాడు, అది నేననుకున్న మాట కాకపోతే నాకు ఏడుపొచ్చేది. ఒకసారి కోపంతో కుడిచేతిలోని గ్లాసు విసరబోయాను. చెయ్యి లేవలేదు. గ్లాసు ఒళ్లో పడింది.

అప్పుడొచ్చింది ఆస్పత్రి ఉత్తరం. విచారణ జరుగుతోంది. రోగిగా నేను జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు: లేవొద్దని నర్సు చెప్పిందా? బెల్ మీకు అందుబాటులో ఉందా? గ్రేస్‌ని వార్డు నుంచి తప్పించారనీ, కాంట్రాక్టు పొడిగింపు విచారణ తేలేదాకా ఆపారనీ ఒక పాత స్నేహితురాలు చెప్పింది.

"గుర్తులేదని రాయి" అన్నాడు విజయ్. "అది అబద్ధం కాదుగా."

నిజమే, అబద్ధం కాదు. అప్పటికి నిజంగానే గుర్తులేదు. ఎడమచేత్తో వంకరగా రెండు గీతలు గీసి సంతకం పెట్టాను.

మే

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కిటికీలు మూసి పడుకున్నాను. సునీత పక్కగదిలో చదువుకుంటోంది. తలకింద దిండు సర్దుకుంటుంటే ఏదో గట్టిగా వేలికి తగిలింది. సునీత తలపిన్ను. ఆ స్పర్శతో, ఎందుకో, అంతా ఒక్కసారిగా వచ్చేసింది. దిండుకి పెట్టిన పిన్ను. దాన్నుంచి వేలాడే వైరు. నా అరచేతిలో బెల్. నేను బొటనవేలు దానిమీద పెట్టాను. తలుపు అవతల గ్రేస్, థియేటర్ నుంచి వచ్చిన స్ట్రెచర్ ఒకటి లోపలికి లాగుతోంది. ఇంకో నర్సు కనబడటం లేదు. నాలుగింటికి విజయ్ వస్తాడు, ఈలోగా మొహం కడుక్కుని తల దువ్వుకోవాలి. పాపం ఆ పిల్ల ఎక్కడ ఆగి నాకోసం వస్తుంది? అయినా నేను నర్సుని. నాలుగడుగులు. బొటనవేలు తీసేసి, బెల్‌ని దిండుకింద తోసేశాను.

అది గుర్తొచ్చాక పది రోజులపాటు నేను ఎవరికీ చెప్పలేదు. ఇది రాయడం కష్టంగానే ఉంది. తలనొప్పి అని పడుకునేదాన్ని. కొంత నిజమే. మిగతాది సిగ్గు. ఎంతమంది గురించి "బెల్ నొక్కకుండా లేచారు" అని రాశానో ఇప్పుడు అదే నా గురించి రాయాలి. పైగా విజయ్ ఫిర్యాదు తప్పని తేలుతుంది. పదకొండు రోజులు నా కోసం వరండాలో కూర్చున్న మనిషిని అందరి ముందూ ఎలా చిన్నబుచ్చను?

ఆఖరికి మేట్రన్‌కి ఫోను చేసి నా ఫైలు చూడాలన్నాను. రోగిగా చూడొచ్చు, రమ్మంది. నర్సయ్య కారులో తీసుకెళ్లాడు. మేట్రన్ గదిలో కూర్చుని, వేలుపెట్టి ఒక్కొక్క లైను చదివాను. ఇదివరకు రెండు గంటల్లో చదివేసే ఫైలుకి ఆ రోజు పొద్దంతా పట్టింది.

ముందు నా బదులు పనిచేస్తున్న అధికారి రాసిన రెండు పేజీలు చదివాను. "నర్సు పర్యవేక్షణ లోపించింది" అని ఉంది. మామూలు రోగి పడితే రోగి తప్పు. ఆఫీసు మేడమ్ పడితే నర్సు తప్పు. రెంటిలోనూ ఎవరూ ఎవరినీ అడగలేదు.

తర్వాత ఛార్టు తెరిచాను. పద్నాలుగు మంచాలకి ఇద్దరు నర్సులు. సరిగ్గా మూడింటికి ఒకామె థియేటర్‌కి వెళ్లింది. అదే సమయానికి ఆపరేషనైన ఇద్దరు రోగులు పైనున్న థియేటర్ నుంచి దిగారు. నాకు ఇంజక్షన్ ఇచ్చి అప్పటికి నలభై నిమిషాలు, మగత బాగా ఎక్కే వేళ. కమ్మీలు ఎత్తి ఉన్నాయని రాశారు. దిగకూడదని ఎత్తిన కమ్మీ వల్లే నేను దూరంగా, వాలుగా, కాళ్లవైపు నుంచి దిగాను. ఆ తర్వాత గ్రేస్ గుండ్రటి అక్షరాలు. అరగంటకోసారి, ఒక్కటి తప్పకుండా. కంటిపాపలు. చేతిబలం. "రోగి విసుక్కుంటున్నారు." "కూతుర్ని వేరే పేరుతో పిలిచారు." మూడు ఫోన్లు, మూడు సమయాలు, ఎవరు ఏమన్నారో. ఎవరినీ నిందించే మాట ఒక్కటి లేదు. పదిహేడేళ్లలో నేను చదివిన ఛార్టుల్లో అంత శుభ్రమైనది లేదు. నా ప్రాణం ఆ పేజీల్లో నిమిషాలవారీగా కనబడుతోంది.

కాగితం తడుస్తుందని మేట్రన్ మెల్లిగా ఫైలు వెనక్కి లాగింది.

సాయంత్రం విజయ్‌కి చెప్పాను. బెల్ సంగతి, దిండు సంగతి, అన్నీ.

"పది రోజుల్నుంచి గుర్తుందా?"

"ఆఁ."

"నేను రాసిన కాగితం..."

"నువ్వు రాసింది తప్పని అనడం లేదు. నువ్వక్కడ ఏం చూశావో అదే రాశావు."

"కాదు" అన్నాడు. "నేనేమీ చూడలేదు శాంతా. వరండాలో కూర్చున్నాను. ఎవరో ఒకరి మీద కోపం పడకపోతే నాకు పిచ్చెక్కేది. ఆ పిల్ల ఎదురుగా వచ్చింది."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. విచారణ బల్ల చుట్టూ నలుగురున్నారు. నాకు ఇంగ్లీషు ఇంకా కూడదీసుకోవాల్సి వచ్చేది. అందుకని ముందే రాసుకుని వెళ్లాను, అయినా మధ్యలో ఆగిపోయాను. ఎవరూ తొందరపెట్టలేదు. చెప్పింది ఇంతే: నర్సు చెప్పింది. బెల్ నా చేతిలో ఉంది. నేను నొక్కలేదు. నొక్కనిది నిర్లక్ష్యంతో కాదు, ఆమె తీరిక లేకుండా ఉందని చూసి. ఒక్క నర్సు పద్నాలుగుమందిని చూస్తుంటే నాలాంటి వాళ్లు బెల్ నొక్కరు. పడతారు. నేను బతికున్నది ఆ నర్సు మూడోసారి ఫోను చేసినందుకు.

విజయ్ లేచి తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఎక్కడ సంతకం పెట్టాలో అడిగాడు.

జూన్

గ్రేస్‌ని తిరిగి వార్డులోకి తీసుకున్నారు. కాంట్రాక్టు పొడిగించారు. థియేటర్ నుంచి రోగులు దిగే వేళలో ఆ వార్డుకి మూడో నర్సుని వేశారు. ఆ డ్యూటీ డాక్టరుకి ఏమన్నారో నాకు తెలియదు, నేను అడగలేదు కూడా.

ఒక శుక్రవారం గ్రేస్‌ని భోజనానికి పిలిచాం. నర్సయ్య, లక్ష్మి కూడా వచ్చారు. గుమ్మంలో నిలబడి "మేడమ్" అంది.

"ఇంకా మేడమ్ ఏమిటే? అక్కా అను" అన్నాను.

విజయ్ తనే వడ్డించాడు. అన్నం పెట్టేటప్పుడు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "అమ్మా, ఆ రోజు వరండాలో..." అని మొదలుపెట్టి ముందుకి పోలేకపోయాడు. ఇంట్లో మాట తడబడే మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను.

"వదిలెయ్యండి అన్నయ్యా" అంది గ్రేస్. "ఐసీయూ బయట తిట్లు మాకు అలవాటే. మీరు కనీసం తెలుగులో తిట్టారు."

నర్సయ్య పకపకా నవ్వాడు. "గదీ మాట! అర్థమయ్యేటట్టు తిట్టిండు."

ఆ నవ్వుల్లోనే గ్రేస్ ఇంకో సంగతి చెప్పింది. నేను పడి లేచాక అన్న మొదటి మాట "నాకేం కాలేదు, రిపోర్టు రాయొద్దు" అనట.

"నేనా?"

"మీరే అక్కా. రెండుసార్లు అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రిపోర్టు రాయకపోతే మీరే కదా రేపు మమ్మల్ని పట్టుకునేది!"

"మరి అది ఛార్టులో రాయలేదేం?"

"అన్నీ రాయాలని మీరు చెప్తారు గానీ అక్కా," అని అన్నం కలుపుకుంటూ అంది, "అదొక్కటీ రాయబుద్ధి కాలేదు."

అక్టోబర్

సగంపూట డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాను. అదే గది, అదే బల్ల. వాసన పూర్తిగా రాలేదు. ఏలకులు తెలుస్తాయి, చేపలు తెలియవు. ఎక్కువసేపు చదివితే అక్షరాలు ఈదుతాయి, అప్పుడు లేచి కిటికీ దగ్గర నిలబడతాను.

నా కష్టంలో నాకు దొరికిన మనుషుల్ని తలుచుకుంటే, దెబ్బ తగిలిన చోటు కంటే ముందు వాళ్లే గుర్తొస్తారు. జోలపాట పాడిన నర్సు. ఖర్జూరాలు పంచిన పెద్దాయన. కుర్చీ మోసిన నర్సయ్య. నా కూతురి నోటుబుక్కు. ఇంతమందికి రుణపడ్డ మనిషిని అదృష్టవంతురాలిననే అనుకోవాలి.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మంచం మీద ఉన్నప్పుడు సాయం అడగండి. వాళ్లకి తీరిక లేదని మీరే నిర్ణయించేసుకోకండి. తలకి దెబ్బ తగిలి "బాగానే ఉన్నాను" అనే మనిషి మాట నమ్మకండి, ఆ మనిషి నర్సయినా సరే. మాట తేడాగా వస్తే, మగతగా ఉంటే, వాంతి అయితే, మళ్లీ పిలవండి. విననివాళ్లని మూడోసారి కూడా పిలవండి.

తిరిగి చేరాక నాకొచ్చిన మొదటి ఫైలు, మగవాళ్ల వార్డులో శ్రీకాకుళం తాపీమేస్త్రి ఒకాయనది. అరవై దగ్గర వయసు. మోకాలి ఆపరేషనయ్యాక బాత్‌రూంకి వెళ్తూ పడ్డాడు, నుదుటిమీద ఆరు కుట్లు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సూచన ఇచ్చారు, బెల్ అందుబాటులో ఉంది. నేను ఫైలు మూసి, చంకలో పెట్టుకుని వార్డుకి వెళ్లాను. ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తెలుగు వినగానే లేవబోయాడు, వద్దన్నాను.

"బెల్ ఎందుకు నొక్కలేదు బాబాయ్? తిట్టడానికి కాదు, తెలుసుకుందామని."

"ఏటి సెప్పమంటావమ్మా? ఆడకూతుర్ని పిలిసి నన్ను బాత్‌రూంకి తీస్కెల్లమ్మా అని ఎలగ అడగ్గల్ను? మా ఇంట్లో నా కూతుర్నే అలగ అడగలేదు."

అది యథాతథంగా రాసుకున్నాను. ఇంకా ఏమిటేమిటో చెప్పాడు. మొదటి రోజు ఒకసారి నొక్కితే ఎవరో వచ్చి ఏమిటని హిందీలో అడిగారట, ఈయనకి ఆ మాట తెలియక ఊరుకున్నాడట. పనివాళ్ల క్యాంపులో తన గదివాళ్ల గురించి చెప్పాడు, వాళ్లు ప్రతి గురువారం సాయంత్రం వచ్చి పోతారట. గంట గడిచింది. నేను అంతవరకూ ఏ రోగి దగ్గరా గంటసేపు కూర్చోలేదు, వార్డులో పనిచేసిన రోజుల్లో కూడా.

మాటల మధ్యలో ఆయన మంచంలో ఇటూ అటూ కదలడం మొదలుపెట్టాడు. అడగలేకపోతున్నాడని అర్థమైంది.

ఫైలు కుర్చీలో పెట్టాను. బెల్ ఆయన వేలికిందకి జరిపి, "ముందు దీన్ని నొక్కు బాబాయ్, అలవాటవుతుంది" అన్నాను. నొక్కాడు. బ్రదర్ అని పిలిచే మగ నర్సు వచ్చేదాకా ఇద్దరం ఎదురుచూశాం. అతనొచ్చి ఒకవైపు, నేను రెండోవైపు పట్టుకున్నాం. నా కుడిచెయ్యి ఆయన బరువు ఆపింది. మెల్లిగా, ఎనిమిదడుగులు, ముగ్గురం నడిచాం.